మార్చిలో బురద, ఏప్రిల్‌లో అత్తగారు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే దిక్కునుంచి వచ్చాయి. అమెరికా ఈశాన్య మూలనున్న వెర్మాంట్, న్యూ హ్యాంప్‌షైర్, మెయిన్ రాష్ట్రాల్లో ఉంటున్నవాళ్ళు, అక్కడికి వెళ్ళబోతున్నవాళ్ళు రాసినవి. అందరి బాధా ఒకటే: మట్టిరోడ్డు. అందుకే వీసా ప్రశ్నలు వచ్చే సంచికకి వాయిదా వేసి ఈ శీర్షిక మొత్తం బురదకే ఇచ్చేస్తున్నాను. నేనుండేది వెర్మాంట్‌లో, అదీ మట్టిరోడ్డు మీదే కాబట్టి ఇక్కడి సంగతే ఎక్కువ చెప్తాను, మిగతా రెండు రాష్ట్రాల్లోనూ పెద్ద తేడా ఉండదు.

*మా ఆయన డాక్టరు. జె-1 వెయివర్ (చదువయ్యాక స్వదేశానికి తిరిగి వెళ్ళాలన్న వీసా షరతు నుంచి మినహాయింపు) మీద మూడేళ్ళు పల్లెటూరి ఆసుపత్రిలో చేయాలి కాబట్టి మాంట్‌పీలియర్‌కి అరగంట దూరంలో ఇల్లు అద్దెకి తీసుకున్నాం. జనవరిలో అంత చలిలోనూ రోడ్డు గట్టిగా ఉండేది, కారు హాయిగా వెళ్ళేది. మార్చి మూడో వారంలో ఎండ కాసింది, వాన చుక్క లేదు, అయినా మా ఇంటి ముందే కారు ఇరుసు దాకా దిగబడిపోయింది. వాన లేకుండా ఇంత బురద ఎక్కణ్ణుంచి వచ్చింది? రోడ్డు కింద పైపేమన్నా పగిలిందా? ఇంటి ఓనరుని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.*
— ఒక పాఠకురాలు, వెర్మాంట్

పైపేమీ పగల్లేదమ్మా. ఆ నీళ్ళు శరదృతువు నుంచీ మీ రోడ్డు కిందే ఉన్నాయి, ఐసు రూపంలో.

చలికాలంలో ఇక్కడ నేల మూడు నాలుగు అడుగుల లోతు వరకు గడ్డకడుతుంది, కొన్నిచోట్ల ఇంకా కిందికి పోతుంది. పక్కనున్న అడవిలో కన్నా రోడ్డు కింద ఎక్కువ లోతుకి పోతుంది, ఎందుకంటే అడవిలో నేలని మంచు దుప్పటి కప్పి ఉంచుతుంది, రోడ్డు మీద మంచుని మనం ఎప్పటికప్పుడు తోసేస్తాం కదా, చలి తిన్నగా భూమిలోకి దిగుతుంది. అంతటితో ఆగితే బాగానే ఉండేది. మెత్తటి ఒండ్రులాంటి మట్టి ఉన్నచోట, గడ్డకడుతున్న పొర కిందనుంచి తడిని పైకి లాక్కుంటూ ఉంటుంది, దీపంలో వత్తి నూనెని లాక్కున్నట్టు. అలా లాక్కున్న నీరు మట్టిలో అడ్డంగా పలకలు పలకలుగా ఐసు అవుతుంది. జనవరి నాటికి మీ రోడ్డులో, మామూలుగా ఆ మట్టి పట్టే నీటికంటే చాలా ఎక్కువ నీళ్ళు చేరిపోయి ఉంటాయి. గడ్డకట్టి ఉన్నన్నాళ్ళూ అది గట్టి రోడ్డే, అందుకే మీకు జనవరిలో అంత హాయిగా అనిపించింది.

మార్చిలో ఎండ తగిలేసరికి కరగడం పైనుంచి మొదలవుతుంది. పై ఎనిమిది, పది అంగుళాలు కరిగాయి, దాని కింద రెండు మూడు అడుగులు ఇంకా ఐసే. కరిగిన నీళ్ళు కిందికి ఇంకడానికి దారి లేదు. పక్కనున్న కాలువలోకి పోదామంటే అక్కడ చలికాలమంతా తోసిన మంచు గుట్టలుగా ఉంది. ఇక మిగిలింది ఉన్నచోటే నిలబడి మట్టిని జారుగా కలిపెయ్యడం. దాని మీద మీ కారు బరువు పడితే ఏమవుతుందో మీరు చూశారు.

కింది పొర కూడా కరిగి నీళ్ళు దిగిపోయేదాకా ఇది ఇంతే. మార్చి మధ్యలో మొదలై ఏప్రిల్ అంతా, ఎత్తైన ఊళ్ళలో మే మొదటి వారం దాకా కూడా సాగుతుంది. ఇక్కడివాళ్ళు ఏడాదికి అయిదు కాలాలని లెక్కపెడతారు, అయిదోది ఇదే. మీ ఓనరు నవ్వింది అందుకే గానీ, ఇల్లు అద్దెకిచ్చేటప్పుడే ఆయన ఒక మాట చెప్పి ఉండాల్సింది.

*ఇలాంటి మట్టిరోడ్డు మీద తిరగడానికి పెద్ద ట్రక్కు కొనాలంటాడు మా వాడు. ఇప్పుడున్న ఎస్‌యూవీ ఆల్‌వీల్ డ్రైవే. అది చాలదా? నడపడంలో కిటుకులు ఉంటే చెప్పండి.*
— ఒక తండ్రి, న్యూ హ్యాంప్‌షైర్

ట్రక్కు కొనకండి. కొనాలని ముందే సరదా ఉంటే అది వేరే విషయం, బురద మీదకి నెట్టకండి. నాలుగు చక్రాలూ తిరిగినంత మాత్రాన బండి బురదలోంచి బయటికి రాదు, నాలుగు చక్రాలూ కలిసి నాలుగు గోతులు తవ్వుకుంటాయి అంతే. బండి కడుపుకీ నేలకీ మధ్య ఎంత ఖాళీ ఉంది, టైర్లు ఎలాంటివి, మీరు ఏ టైముకి బయల్దేరుతున్నారు, ఈ మూడే అసలు విషయాలు. వీటిలోనూ టైముదే పెద్దపీట అంటాను నేను.

రాత్రి మళ్ళీ సున్నా కిందకి పోతుంది కదా, తెల్లవారేసరికి పై పొర గడ్డకట్టి ఉంటుంది. ఉదయం ఏడింటికి మీరు వెళ్ళిన రోడ్డూ మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చే రోడ్డూ ఒకటి కావు. కాస్ట్‌కో షాపుకో, డాక్టరు దగ్గరికో, ఏ పని ఉన్నా తెల్లారే పెట్టుకోండి. రాత్రంతా చలి పడలేదు, వెచ్చగా వాన కురిసింది అంటే ఆ రోజు కదలకపోవడమే మేలు, లేదా కారు ముందురోజే తారురోడ్డు దగ్గర పెట్టుకుని బూట్లేసుకుని నడిచి వెళ్ళడం. ఇక్కడ సగంమంది చేసేది అదే. రోడ్డు మొదట్లో వరసగా కార్లు ఆగి ఉంటే ఏదో ఫంక్షను జరుగుతోందనుకోకండి.

స్నో టైర్లు మార్చి రాగానే తీసేయకండి, బురద అయిపోయేదాకా ఉంచండి. మామూలు ఆల్ సీజన్ టైర్ల గాళ్ళలో మట్టి నిండిపోయిందంటే అవి నున్నటి గుండ్రటి రబ్బరు కిందే లెక్క. బురద పట్టులోకి దిగేముందే ఎదర ఎంత దూరం ఉందో చూసుకుని, తక్కువ గేరులో, పది పదిహేను మైళ్ళ వేగంతో ఒకే తీరుగా వెళ్ళాలి. మధ్యలో ఆగకూడదు, బ్రేకు తొక్కకూడదు, స్టీరింగు విసురుగా తిప్పకూడదు. ఎదురుగా బండి వస్తుంటే గట్టి నేల మీద ఉన్నప్పుడే ఆగి దానికి దారివ్వండి.

గాళ్ళ సంగతి. ముందెళ్ళిన బళ్ళ చక్రాలు పడి రోడ్డు మీద రెండు లోతైన గాళ్ళు పడతాయి, మధ్యలో గట్టులా లేస్తుంది. గాడి లోతు తక్కువైతే అందులోనే పోవచ్చు, అడుగు గట్టిగానే ఉంటుంది. లోతుగా ఉంటే ఒక చక్రం మధ్య గట్టు మీద, ఇంకో చక్రం పక్క అంచు మీద ఉండేలా నడపాలి. అందులోకి దిగారంటే బండి పొట్ట గట్టు మీద ఆనుకుని చక్రాలు గాల్లో తిరుగుతాయి, అప్పుడు ఆల్‌వీల్ డ్రైవ్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. అలాగని రోడ్డు చివరికంటా కూడా పోకండి, అంచు దగ్గర మట్టి ఇంకా మెత్తగా ఉంటుంది, కాలువలోకి లాగేస్తుంది.

దిగబడ్డాక ఏక్సిలరేటరు తొక్కితే ఇంకా లోతుకి పోతారు. కిందికి దిగి చక్రాల ముందు మట్టి పారతో తీసి, చెక్క పలకలు గానీ అవి లేకపోతే కారులో కాళ్ళ కింది మ్యాట్లు గానీ వేసి, మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపి చూడండి. ట్రాక్షన్ కంట్రోల్ ఆపే బటన్ ఉంటుంది, ఈ ఒక్క సందర్భంలో ఆపండి, లేకపోతే చక్రం తిరిగిన ప్రతిసారీ అది ఇంజను గొంతు నొక్కేస్తుంది. రెండు ప్రయత్నాలకీ రాలేదంటే ట్రాక్టరున్న పొరుగింటాయనకి ఫోన్ చేయండి. టో కంపెనీలు చాలావరకు ఈ బురద రోజుల్లో మట్టిరోడ్డు లోపలికి రామంటాయి, వాళ్ళ బండి మనకంటే బరువు మరి. లాగేటప్పుడు తాడుని బండికున్న టో హుక్కుకే తగిలించాలి, బంపరుకి కాదు, తాడు తెగితే కొరడాలా తగులుతుంది కాబట్టి పిల్లల్ని దూరంగా నిలబెట్టండి. ఆయనకి డబ్బు ఇవ్వబోతే చాలామంది తీసుకోరు. మర్నాడు గిన్నెడు పులిహోర పట్టుకెళ్ళండి, కాదనేవాణ్ణి నేనింకా చూడలేదు.

*మట్టిరోడ్డు దాటి హైవే ఎక్కగానే స్టీరింగు గడగడ వణుకుతోంది. మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాలంటే టెన్షన్‌గా ఉంది, ఎంత బిల్లు వేస్తాడో అని.*
— ఒక పాఠకుడు, మెయిన్

ముందు కార్ వాష్‌కి వెళ్ళండి. చక్రం లోపలి వైపు రిమ్ములో బురద పట్టి ఎండిపోతే బ్యాలెన్సు తప్పుతుంది, వేగం పెరిగేకొద్దీ వణుకు పెరుగుతుంది. నాలుగు చక్రాల లోపలి వైపునా నీళ్ళు గట్టిగా కొట్టించండి. అడుగుభాగం కూడా కడిగించండి, చలికాలం చల్లిన ఉప్పుని ఆ బురద పట్టుకుని కూర్చుంటుంది, తుప్పుకి అంతకన్నా ఏం కావాలి. కడిగాక కూడా వణికితే అప్పుడు మెకానిక్కు.

*మా అత్తగారు, మామగారు గుంటూరు జిల్లా నుంచి మొదటిసారి వస్తున్నారు. ఏప్రిల్ మొదటి వారం టికెట్ చవగ్గా దొరుకుతోంది. బురద గురించి చెబితే మామగారు "నల్లరేగడిలో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు బురద గురించి చెప్తావా" అంటున్నారు. ఏం చెయ్యను?*
— ఒక కోడలు, వెర్మాంట్

మామగారి మాటలో తప్పేం లేదు, నల్లరేగడి బురద చూసినవాడికి లోకంలో ఏ బురదా కొత్త కాదు. చెప్పు లాగేసి, అడుగుకి అడుగున్నర కేజీ మట్టి కాలికి అంటుకునే నేల అది. కాకపోతే దాని తీరు వేరు. మన దగ్గర పైనుంచి వాన పడితే రేగడి ఉబ్బి జిగట పుడుతుంది, వాన ఆగి రెండు రోజులు ఎండ కాస్తే గట్టిపడుతుంది. ఇక్కడ ఎండ కాసేకొద్దీ బురద పెరుగుతుంది. ఈ ఒక్క ముక్క ఆయనకి ఫోన్‌లో చెప్పండి, వచ్చాక చూపించమని ఆయనే అడుగుతారు.

ఇక టికెట్ విషయం. చవకని చూసి ఏప్రిల్ మొదట్లో తెప్పిస్తే వాళ్ళు నాలుగు వారాలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటారు. చెట్లకి ఆకు ఉండదు, మంచూ ఉండదు, అంతా గోధుమరంగు. మే రెండో వారం తర్వాత రమ్మనండి, అప్పుడు చిగుళ్ళు వేస్తుంటాయి, పెరట్లో నడవొచ్చు. డబ్బు తేడా భరించలేనంతగా ఉండి ఏప్రిలే తప్పదంటే, బర్లింగ్టన్‌లో దిగే ఫ్లైటు ఉదయమో పొద్దుపోయాకో కాకుండా మధ్యాహ్నం వస్తుంటే ఆ రాత్రికి అక్కడే హోటల్లో పడుకుని తెల్లారి ఇంటికి రండి. పాతిక గంటల ప్రయాణం చేసి వచ్చిన అత్తగారిని పెట్టెలతో సహా బురదలో దింపి నడిపిస్తే, ఆ మాట మీ మనవల పెళ్ళిళ్ళ దాకా వినాల్సి వస్తుంది.

పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నప్పుడు ఇంకో జాగ్రత్త. బీపీ, షుగరు మందులు నెలకి సరిపడా ముందే తెచ్చి పెట్టుకోండి. అత్యవసరం వస్తే 911కి ఫోన్ చేసినప్పుడు రోడ్డు ఏ వైపు నుంచి బాగుందో, ఎక్కడ దిగబడుతుందో మొదటే చెప్పండి. ఊరి ఫైర్ డిపార్టుమెంటు వాళ్ళకి ఇది కొత్తకాదు, కానీ పక్క ఊరి నుంచి వచ్చే అంబులెన్సు మ్యాప్ చూసుకుని దగ్గర దారి అంటూ అసలు ఎక్కకూడని రోడ్డు ఎక్కేసే ప్రమాదం ఉంది. మ్యాపులకి బురద తెలియదు.

వాళ్ళు మార్చిలోనే వచ్చి ఉంటే మాత్రం ఒకటి చూపించొచ్చు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే ఈ వాతావరణమే మేపుల్ చెట్టులో రసం పారడానికి కూడా కావాలి. రోడ్డు పాడైన వారంలోనే ఆ రసం కాచే షుగర్‌హౌసుల్లో పొగ లేస్తుంది. సుమారు 40 గ్యాలన్ల రసం కాస్తే ఒక గ్యాలన్ సిరప్ వస్తుంది, అమెరికాలో తయారయ్యే మేపుల్ సిరప్‌లో దాదాపు సగం ఈ చిన్న రాష్ట్రానిదే. తాటిబెల్లం కాచడం చూసిన మామగారికి ఆ పెనాల ముందు నిలబడితే కబుర్లకి కొదవుండదు, మార్చి చివర్లో ఒక వారాంతం అందరికీ తలుపులు తెరిచి చూపిస్తారు కూడా.

*ఏడాదికి వేలకి వేలు ప్రాపర్టీ టాక్సు కడుతున్నాం. మన దగ్గర మారుమూల పల్లెకి కూడా తారురోడ్డు వేస్తున్నారు. ఇక్కడ, అదీ అమెరికాలో, మా ఇంటికి తారురోడ్డు లేకపోవడమేంటి? ఎవరి మీద కంప్లైంట్ ఇవ్వాలి?*
— ఒళ్ళుమండిన ఇంటి యజమాని, వెర్మాంట్

మీ కోపం అర్థమైంది. కానీ ముందు రెండు సంగతులు. వెర్మాంట్‌లో ప్రభుత్వ రోడ్లలో సగానికి పైగా మట్టివో కంకరవో. మీ ఒక్క వీధికి జరిగిన అన్యాయం కాదిది. మన దగ్గర ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో మొదలై ఊరూరికీ తారు తెచ్చిన మాట నిజమే, కానీ మన నేల నాలుగడుగుల లోతున గడ్డకట్టదు. ఇక రెండోది, మీ పన్నులో పెద్ద వాటా బడులకి పోతుంది, రోడ్లకి పోయేది మిగిలినదాంట్లోంచి.

తారు వేస్తే బురద పోతుందనుకోకండి. కింద మట్టి అదే, నీళ్ళు అవే అయినప్పుడు తారు కూడా చలికాలంలో ఉబ్బుతుంది, మార్చిలో పగుళ్ళిచ్చి గోతులు పడుతుంది. తారురోడ్ల మీద ఫ్రాస్ట్ హీవ్స్ అని రాసిన హెచ్చరిక బోర్డులు మీరు చూసే ఉంటారు, అక్కడ బళ్ళు ఎగిరెగిరి పడతాయని చెప్పడానికే. కంకర రోడ్డు పాడైతే మే నెలలో గ్రేడరుతో చదును చేస్తే సరిపోతుంది. తారు పాడైతే మళ్ళీ వేయాలి, ఏడెనిమిది వందల మంది ఉండే ఊరి బడ్జెట్‌కి అది మోయలేని బరువు. నా మట్టుకు నాకు కంకర రోడ్డే నయమనిపిస్తుంది, ఎవడూ అరవై మైళ్ళ వేగంతో దూసుకుపోడు, కానీ ఇది మీరు ఒప్పుకోవాల్సిన పనేం లేదు.

అసలు పనికొచ్చేది వేరే ఉంది. నీళ్ళని రోడ్డు మీదనుంచీ, రోడ్డు కిందనుంచీ బయటికి పంపడం. రోడ్డు నడిమధ్య కాస్త ఉబ్బుగా ఉండాలి, పక్క కాలువలు లోతుగా తవ్వి ఉండాలి, తూములు పూడిపోకుండా ఉండాలి. మరీ పాడైన చోట పాత మట్టి తవ్వి తీసేసి, గట్టి గుడ్డలాంటి పొర పరిచి దాని మీద పగలగొట్టిన రాయి పోస్తారు, ఆ గుడ్డ రాయి బురదలోకి దిగకుండా ఆపుతుంది. ఈ పని బాగా చేసిన చోట తేడా ఇట్టే కనిపిస్తుంది. పైగా 2015లో రాష్ట్రం తెచ్చిన నీటి శుద్ధి చట్టం వల్ల, రోడ్ల మట్టి కొట్టుకుపోయి షాంప్లేన్ సరస్సులో చేరకుండా చూడటం ఊళ్ళ బాధ్యత అయింది, కాలువలూ తూములూ బాగుచేసుకోవడానికి రాష్ట్రం నుంచి గ్రాంట్లు కూడా వస్తాయి. మీ ఊరు వాటికి దరఖాస్తు పెట్టిందా అని అడగండి, కంప్లైంటు కన్నా ఆ ప్రశ్నకి విలువెక్కువ.

ఎవర్ని అడగాలి అంటారా? ఊరికి ముగ్గురో అయిదుగురో ఉండే సెలెక్ట్‌బోర్డు అనే పాలకవర్గం ఉంటుంది, వాళ్ళ సమావేశాలకి ఎవరైనా వెళ్ళొచ్చు. రోడ్డు పని చూసే ఫోర్‌మన్ ఒకాయన ఉంటాడు. మార్చి మొదటి మంగళవారం టౌన్ మీటింగ్ జరుగుతుంది, రోడ్ల బడ్జెట్ మీద చర్చ, ఓటు అక్కడే. ఇంకా గ్రీన్‌కార్డు మీదే ఉన్నవాళ్ళకి చాలా ఊళ్ళలో ఓటు లేదు. మాంట్‌పీలియర్, వినూస్కీ నగరాల్లో మాత్రం 2021 నుంచి, ఆ తర్వాత బర్లింగ్టన్‌లోనూ, పౌరులు కానివాళ్ళు కూడా స్థానిక విషయాల్లో ఓటు వేయొచ్చు. ఓటు లేకపోయినా వెళ్ళండి, ఇలాంటి ఊళ్ళో ముఖం తెలిసినవాడి మాటకి ఉండే బరువు వేరు. ఏప్రిల్‌లో ఫోర్‌మన్‌కి ఫోన్ చేసి గ్రేడరు పంపమని మాత్రం అడక్కండి. తడిగా ఉన్నప్పుడు ఆ యంత్రం ఎక్కితే రోడ్డు ఇంకా చెడుతుంది, మహా అయితే మరీ ఘోరమైన గోతుల్లో లారీడు రాయి పోసి వెళ్తారు. మీ అంతట మీరు గోతుల్లో ఇటుకలూ కొమ్మలూ పడేయకండి, అవి తర్వాత గ్రేడరు బ్లేడుకి తగులుతాయి.

ఇది చదివే మిగతావాళ్ళకి ఒక మాట. ఇక్కడ ఇల్లు కొనేముందు ఆ రోడ్డు ఏ క్లాసో టౌన్ ఆఫీసులో అడగండి. క్లాస్ 3 అయితే మామూలు కారు అన్ని కాలాల్లోనూ వెళ్ళగలిగేలా ఊరే చూడాలి, బురద రోజుల్ని వదిలేస్తే చూస్తుంది కూడా. క్లాస్ 4 అయితే చలికాలంలో మంచు తోసే బాధ్యత కూడా ఊరికి ఉండదు. ఇల్లు జూలైలో చూసి మోజుపడి కొనేసి, మార్చిలో ఏడ్చేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. ఏప్రిల్‌లో చూసి కొనండి, ధర గురించి మాట్లాడటానికి కూడా అనువుగా ఉంటుంది.

*మా పాపని తీసుకెళ్ళే స్కూల్ బస్సు ఇంటి దాకా రావడం మానేసింది. మేం ఆర్డరిచ్చిన సోఫా కూడా డెలివరీ చేయలేమన్నారు. రోడ్డు మొదట్లో ఆరెంజ్ బోర్డు ఒకటి పెట్టారు. ఇది ఎన్నాళ్ళు?*
— ఒక తల్లి, వెర్మాంట్

ఆ బోర్డు మీద అంకె చూడండి. చాలా ఊళ్ళలో ఈ కాలంలో 15,000 పౌండ్ల పరిమితి పెడతారు, అంటే ఆరు టన్నుల పైచిలుకు. మామూలు కార్లకి దాంతో పని లేదు. కట్టెల లారీ, ఇల్లు వెచ్చబెట్టే ప్రొపేన్ గ్యాసు ట్యాంకరు, ఫర్నిచరు లారీ, కాంక్రీటు బండి ఆగిపోతాయి. ఒక్క బరువైన లారీ మెత్తని రోడ్డు మీద వెళ్తే ఆ గాళ్ళు మే దాకా అందరూ అనుభవించాలి, అందుకే ఆ కట్టడి. సోఫా కోసం ఆగొచ్చు లెండి, ప్రొపేన్ కోసం ఆగలేం. రాత్రుళ్ళు ఇంకా చలే కాబట్టి వచ్చే ఏడాది మార్చి మొదటి వారంలోనే ట్యాంకు నింపించుకోండి, ఇప్పటికే ఖాళీ అయిపోతే కంపెనీకి ఫోన్ చేసి చెప్పండి, తెల్లవారుజామున రోడ్డు గడ్డకట్టి ఉన్నప్పుడు ఊరి అనుమతితో చిన్న ట్యాంకరు పంపే ఏర్పాటు కొన్నిచోట్ల ఉంది.

బస్సుకి బడివాళ్ళు బురద రూటు అని వేరే పెడతారు, పిల్లల్ని తారురోడ్డు దాకా మీరు తీసుకొచ్చి ఎక్కించాలి. ఏ రోజు ఏ రూటో ముందురోజు సాయంత్రమే మెసేజ్ పంపిస్తారు, మీ ఫోన్ నంబరు వాళ్ళ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. 2022 వసంతం ఇక్కడివాళ్ళని బాగా ఏడిపించింది, అప్పుడు చాలా ఊళ్ళలో బస్సులు ఇలా ఆగిపోయాయి. పాపకి స్కూల్ బూట్లు సంచిలో పెట్టి, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లతో పంపండి. వాళ్ళ టీచరుకేం ఆశ్చర్యం ఉండదు, క్లాసు బయట అలాంటి బూట్లే వరసగా ఉంటాయి.

*ఇల్లంతా బురదే. రోజుకి రెండుసార్లు తుడుస్తున్నా.*
— విసిగిపోయిన పాఠకురాలు

తడిగా ఉండగా తుడవకండి, పూసినట్టవుతుంది. ఎండనిచ్చి చీపురుతో ఊడ్చేయండి, కార్పెట్ అయితే ఎండాక వాక్యూమ్. చెప్పులు బయట విప్పే అలవాటు మనకి ఎలాగూ ఉంది, ఇక్కడి ఇళ్ళలో దానికోసం గుమ్మం దగ్గర మడ్‌రూమ్ అని ఒక గదే ఉంటుంది, దాంట్లో పాత పెట్టెలు పేర్చి స్టోర్‌రూమ్ చేసేశారేమో చూసుకోండి. మా బంధువుల్లో చాలామంది చేసే పని అదే. కుక్క ఉంటే గుమ్మం దగ్గర బకెట్టు, పాత తువ్వాలు.

*బోస్టన్ నుంచి పదిమంది కుర్రాళ్ళం ఏప్రిల్ చివర్లో లాంగ్ వీకెండ్‌కి వచ్చి క్యామెల్స్ హంప్ ఎక్కుదామనుకుంటున్నాం. రోడ్లు సరే, కొండ మీద బురదేం చేస్తుంది?*
— ఒక విద్యార్థి

వద్దు బాబూ. ఏప్రిల్ మధ్య నుంచి మే చివర్లో మెమోరియల్ డే వారాంతం దాకా క్యామెల్స్ హంప్, మ్యాన్స్‌ఫీల్డ్ లాంటి రాష్ట్ర భూముల మీది ఎత్తైన దారులు మూసేస్తారు. పైన ఇంకా మంచు కరుగుతూ ఉంటుంది, మెత్తటి దారి మీద బూటు పడితే మట్టి కొట్టుకుపోతుంది. బురద తప్పించుకోవాలని మీరు పక్కనుంచి నడుస్తారు, మీ వెనక వచ్చేవాళ్ళు ఇంకా పక్కనుంచి, అలా రెండడుగుల దారి పదడుగులవుతుంది, ఆ ఎత్తున మొక్క మళ్ళీ మొలవడానికి ఏళ్ళు పడుతుంది. వచ్చేటట్టయితే బర్లింగ్టన్‌లో సరస్సు పక్కన సైకిల్ దారి ఉంది, తారుది, పొద్దస్తమానం తొక్కండి. కొండ సంగతి జూన్‌లో చూసుకోవచ్చు.

*ఇదంతా ఇక్కడేనా, ఇంకెక్కడన్నా ఉందా?*
— ఊరికే అడుగుతున్న పాఠకుడు

లోతుగా గడ్డకట్టే నేల, మెత్తటి మట్టి, మట్టిరోడ్లు ఉన్నచోటల్లా ఉంది. ఫిన్లండ్‌లో పల్లె రోడ్ల మీద వసంతంలో ఇలాగే బరువు పరిమితులు పెడతారు. రష్యా, యుక్రెయిన్‌లలో వసంతంలోనే కాదు, శరదృతువు వానలకీ ఇదే గొడవ, 1941 అక్టోబరులో మాస్కో వైపు వెళ్తున్న జర్మన్ సైన్యం లారీలు ఆ బురదలోనే దిగబడ్డాయి. 2022లో యుక్రెయిన్ పొలాల్లో కూరుకుపోయిన ట్యాంకుల ఫొటోలు మీరూ చూసి ఉంటారు. ట్రక్కు కొనమంటున్న న్యూ హ్యాంప్‌షైర్ కుర్రాడికి ఆ ఫొటో ఒకటి పంపండి.

*అసలు అయిపోయిందని ఎలా తెలుస్తుంది?*
— మొదటి ఉత్తరం రాసిన పాఠకురాలే, మళ్ళీ

రోడ్డు మీద ఒక మధ్యాహ్నం నడిచి చూడండి. మడమతో గట్టిగా తొక్కితే నీళ్ళు పైకి ఊరకపోతే, కాలువల్లో నీళ్ళు పారుతుంటే, అడుగు పొర వదిలిందన్నమాట. తర్వాత ఆరెంజ్ బోర్డులు తీసేస్తారు, గ్రేడరు వస్తుంది, ఆ రోజు పిల్లలు దాని వెనకాలే పరిగెడతారు. పైన రెండు రోజులు ఎండి మళ్ళీ మెత్తబడే దొంగ ఎండలు మధ్యలో వస్తాయి, వాటిని నమ్మి స్నో టైర్లు మార్చకండి. రోడ్డు పూర్తిగా గట్టిపడే సమయానికి మే వస్తుంది, దాంతోపాటే బ్లాక్ ఫ్లైస్ అని చెవుల వెనక కుట్టే చిన్న ఈగలు వస్తాయి. వాటి మీద ఉత్తరాలు వచ్చే సంచికకి పంపండి, తలకి కట్టుకునే వల మాత్రం ఇప్పుడే కొనిపెట్టుకోండి, మేలో దొరకవు.